పంతొమ్మిది నిమిషాలు

పాకాల నుంచి వచ్చే పాసింజరు ఆ రోజు పది నిమిషాలు ఆలస్యం. కోమలి తిరుపతి స్టేషన్ బయట షేర్ ఆటో ఎక్కి, టైర్ల కొట్టు ముందు దిగి, పక్కనున్న మెట్లెక్కి పరీక్షా కేంద్రం తాళం తీసేసరికి తొమ్మిదింపావు దాటింది. ఏసీ వేసింది. ఎనిమిది కంప్యూటర్లనూ వరసగా ఆన్ చేసింది. తర్వాత ముందు గదిలో తన బల్ల దగ్గర కూర్చుని, ఆ రోజు రాయబోయేవాళ్ళ జాబితా ప్రింటు తీసింది.

అయిదుగురున్నారు. నాలుగో పేరు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. గ్రేసీ పాల్, ఏర్పేడు. నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష, పది గంటలకు.

ఏర్పేడులో ఆ పేరు గలవాళ్ళు ఇంకెవరైనా ఉండొచ్చుననుకుని పుట్టిన తేదీ చూసింది. సందేహం లేదు. డిప్లొమాలో మూడేళ్ళు తన పక్క బెంచీలో కూర్చుని, తన రికార్డు చూసే సొంత రికార్డు నింపుకున్న గ్రేసీయే. హాస్టల్ వరండాలో నెట్‌వర్కులను విడగొట్టే సబ్‌నెట్ లెక్కలు తను ఎన్నిసార్లు చెప్పినా, "ఇంగొక్కసారి సెప్పుమే" అని అడిగిన గ్రేసీ.

ఇదే పరీక్ష పోయినేడాది జూలైలో కోమలి ఇదే గదిలో రాసింది. ఏడు వందలు వస్తే పాసు. ఆమెకు ఆరు వందల ఎనభై రెండు వచ్చాయి. ఇక్కడ పనిలో చేరింది ఆ తర్వాతే.

తొమ్మిది నలభైకి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

"ఏమే కోమలీ! నువ్వీడుండావా?" గ్రేసీ గుమ్మంలోంచే చేతులు చాపింది. "నాకు తెలీనే తెలీదు. రాత్తిరంతా ఒకటే దిగులు, యాడికి పోతామో, ఎవురుంటారో అని. నువ్వుంటే ఇంగేం భయం?"

"ఐడీలు రెండియ్యి," అంది కోమలి.

గ్రేసీ చేతులు దించుకుని సంచీలో వెతికింది. కోమలి ఆధార్ కార్డు మీది ఫొటోనూ ఎదురుగా ఉన్న మొహాన్నీ, ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు, రెండుసార్లు పోల్చి చూసింది. వేలిముద్ర తీసుకుంది. జేబులు బయటికి తీసి చూపించమంది. కమీజు చేతులు పైకి మడవమంది. చెవి వెనక చూసింది.

"కమ్మలు గూడా తీయల్లనా?"

"తీయల్ల."

"వాచీ?"

"అన్నీ. ఆ తలలో క్లిప్పు గూడా."

క్లిప్పు అంత పెద్దదేమీ కాదు. ఎంత పెద్ద క్లిప్పయితే తీయించాలో రూల్సు పుస్తకంలో రాసిన కొలత కోమలికి బాగా తెలుసు. గ్రేసీ మారు మాట్లాడకుండా తీసిచ్చింది. జుట్టు భుజాల మీద పడింది. దాన్ని చేత్తోనే ముడేసుకోబోతే జారిపోయింది, నవ్వింది.

"ఇది పాసైతే మా ఆఫీసులో నన్ను టీములోకి తీసుకుంటారంట. ఈ నెలాఖరు లోపల సర్టిఫికెట్ లేకుంటే ట్రైనింగు అయిపోయిందని పంపించేస్తారు. మా నాయన పొద్దన్నే లేసి ప్రార్థన చేసి, బస్టాండు దాకా వచ్చి ఎక్కించినాడు."

కోమలి లాకరు తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, కంప్యూటర్లో సీట్ల పటం తెరిచింది. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది ఖాళీగా ఉన్నాయి. నాలుగో సీటు మిషను మంచిది కాదు. కమాండ్లు టైపు చేయాల్సిన ల్యాబ్ ప్రశ్నలు వచ్చినప్పుడల్లా బిగుసుకుపోతుంది. మేనేజరు దొరస్వామికి నోటితో రెండుసార్లు చెప్పింది, ఒకసారి చీటీ రాసి ఆయన బల్ల మీద పెట్టింది. చూద్దాంలే అన్నాడు.

ఆమె నాలుగు నొక్కింది.

ఎందుకు నొక్కావని ఆ తర్వాత చాలాసార్లు తనను తాను అడిగింది. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు. తెలిసే నొక్కింది.

పరీక్ష గదికీ ముందు గదికీ మధ్య అద్దం గోడ. అక్కణ్ణుంచి గ్రేసీ వీపు కనిపిస్తుంది. కెమెరా తెరలో చేతులు కనిపిస్తాయి. మొదటి అరగంట గ్రేసీ మౌసు ఎక్కడా తడబడలేదు. చదువుతుంది, ఎడం చేత్తో జుట్టు చెవి వెనక్కి తోసుకుంటుంది, నొక్కుతుంది, ముందుకు పోతుంది. ఎప్పుడు నేర్చుకుంది ఇదంతా? ఎవరు చెప్పారు? జూలైలో తను ఇలాంటి ప్రశ్నల దగ్గర పెదవి కొరుక్కుంటూ కూర్చున్న సంగతి గుర్తొచ్చి, కోమలి తెర మీంచి చూపు తిప్పుకుంది. మళ్ళీ చూసింది.

పది యాభై రెండుకు గ్రేసీ చెయ్యెత్తింది. మోచెయ్యి వంచకుండా, నిటారుగా.

కోమలి అప్పుడు రిజిస్టరులో మూడో సీటతను నీళ్ళు తాగి వచ్చిన టైము రాస్తోంది. రాయడం అయిపోయింది. అయినా ఆ అంకెల మీదనే ఇంకోసారి పెన్ను తిప్పింది. పెన్ను మూత పెట్టింది. రిజిస్టరు మూసి, దాని అంచు బల్ల అంచుకు సమంగా జరిపింది. అప్పుడు లేచింది.

తెర బిగుసుకుపోయింది. మౌసు కదపడానికి లేదు.

పరీక్ష నడిచేది ఎక్కడో దూరాన ఉన్న సర్వరులో. ఇక్కడ మిషను ఆగినా అక్కడ గడియారం ఆగదు. కేంద్రం వాళ్ళు వెంటనే హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి, ఫలానా సీటు ఆగింది అని చెబితే అప్పుడు ఆపుతారు. అలా చేసిన ప్రతి ఫోనూ కేంద్రం పేరు మీద ఒక మచ్చగా పడుతుంది. అందుకే దొరస్వామి, తాను చెప్పందే ఫోన్ చేయొద్దని కోమలికి మొదటి రోజే చెప్పాడు.

ఆమె ఫోన్ చేయలేదు. మిషను ఆపి మళ్ళీ వేసింది. పరీక్ష తెరుచుకునేసరికి పదకొండు గంటలయింది.

"ఎనిమిది నిమిషాలు పోయినాదే," అంది గ్రేసీ గుసగుసగా.

"రాసుకో. మాట్లాడకూడదు."

పదకొండూ ఇరవైకి రెండోసారి చెయ్యి లేచింది. ఈసారి కోమలి వెళ్ళేసరికి గ్రేసీ నిలబడి ఉంది.

"మళ్ళా ఆగినాది. ల్యాబ్ సగం టైపు చేసినా. ఈ టైము తిరిగిస్తారా?"

"నా చేతిలో లేదు."

"ఎవురి చేతిలో ఉండాది?"

మిగిలిన నలుగురూ తలలు తిప్పి చూశారు. కోమలి వెళ్ళి దొరస్వామిని పిలుచుకొచ్చింది. చొక్కా జేబులో మూడు పెన్నులు పెట్టుకునే ఆ పెద్దాయన ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. గ్రేసీ దగ్గరికొచ్చి, కూతురికి చెప్పినట్టు చెప్పాడు.

"సూడమ్మా, ఇదంతా సర్వరు సమస్య. మనం చేసేదేం లేదు. కంగారు పడకుండా కూసోని రాయి. ఊరికే టైము పోతాది."

పోయినేడాది జూలైలో ఆయన కోమలితోనూ ఇవే మాటలన్నాడు. ఇంతే మెత్తగా. ఆమె "సరే సార్" అని కూర్చుంది. అంత పెద్దాయన తన సీటు దాకా వచ్చి ధైర్యం చెప్పాడని మనసులో మొక్కుకుంది కూడా.

"టైము పోతాందనే గదా సార్ నేనడిగేది," అంది గ్రేసీ. గొంతు వణుకుతోంది, కానీ తగ్గలేదు. "మిషను మీది. ఆగింది మీ మిషను. దానికి నేనెందుకు నష్టపోవల్ల? మీరు ఎవురికన్నా ఫోన్ చేస్తారా, నన్ను చెయ్యమంటారా?"

"ఫోన్ చెయ్యనీకి లేదమ్మా."

"అట్లయితే రాసియ్యండి సార్. ఎన్ని గంటలకి ఆగింది, ఎన్ని గంటలకి తెరుచుకుంది. కాయితం మీద."

కోమలికి చెవులు వేడెక్కాయి. కళాశాలలో వైవా అంటే తన వెనక నక్కిన మనిషి ఇది. మాస్టరు పేరు పిలిస్తే, 'నువ్వు ముందు పో మే' అని తనను తోసిన మనిషి. ఈ గొంతు దీనికెక్కణ్ణుంచి వచ్చింది? పాసవడం కాదు, ఫెయిలవడం కాదు, ఇలా నిలబడి అడగవచ్చునని దీనికెవరు చెప్పారు? తనకెందుకు చెప్పలేదు?

పదకొండూ ముప్ఫయ్యొకటికి పరీక్ష మళ్ళీ తెరుచుకుంది. గ్రేసీ కూర్చుని రాసింది. పన్నెండు కొట్టాక, కోమలి బల్ల మీది ప్రింటరులోంచి కాగితం వచ్చింది. ఆరు వందల యాభై అయిదు. గ్రేసీ దాన్ని నిలబడే చదువుకుని, కమ్మలు పెట్టుకుంది, వాచీ పెట్టుకుంది, క్లిప్పు పెట్టుకుంది. ఏడవలేదు.

"కంప్లైంటు పెడతాండా," అని మాత్రం చెప్పి మెట్లు దిగిపోయింది.

దొరస్వామి తన గది గుమ్మంలో నిలబడ్డాడు. "రిపోర్టులో రెండు నిమిషాలని ఎయ్యమ్మా. అసలు ఆగలేదంటే నమ్మరు. రెండంటే సరిపోతాది."

కోమలి టైపు చేసింది. నాలుగో సీటు, అంతరాయం రెండు నిమిషాలు, అభ్యర్థి పరీక్ష కొనసాగించారు. కింద తన పేరు. ఆయన చెప్పాడు కాబట్టి రాశాననుకోవచ్చు. కానీ ఆమె వేళ్ళకు ఏ బరువూ తగల్లేదు. చాలా తేలిగ్గా కదిలాయి.

మూడో రోజు సాయంత్రం రైలు చంద్రగిరి దాటుతుండగా ఫోన్ మోగింది.

"కోమలీ, గ్రేసీని. ఇంటికి చేరినావా?"

"ఇంగా యాడ. ట్రైన్లో ఉండా."

"పరీక్ష పెట్టేవాళ్ళు జవాబు పంపించినారు మే. సెంటరు రిపోర్టులో రెండు నిమిషాలే ఉండాదంట. రెండు నిమిషాలకి మళ్ళా పరీక్ష పెట్టరంట." అవతల బస్సు హారన్లు వినిపించాయి. రోడ్డు మీద నిలబడి మాట్లాడుతున్నట్టుంది. "నువ్వు నా పక్కనే ఉండావు గదా. ఎంతసేపు ఆగినాది?"

కిటికీ పక్క చెనక్కాయ చేలు వెనక్కి పోతున్నాయి. ఎదురు సీటులో ఒకామె మల్లెపూలు మూర వేసి చూసుకుంటోంది. కోమలి ఆ వేళ్ళనే చూస్తూ కూర్చుంది.

"రెండో మూడో ఉంటాది. నేను గడియారం సూడలా."

అవతల ఇంకో బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

"అట్లనా," అంది గ్రేసీ. "నాకేమో శానాసేపు అనిపించినాది. భయానికి అట్ల అనిపించినాదేమో. సరేలే, ఉంటా."

కోమలి ఫోన్ సంచీలో వేసుకుంది. జూలైలో తను ఫెయిలయిన సాయంత్రం అమ్మ శకుంతలమ్మ అన్నం పెడుతూ ఏమైందే అని అడిగితే, తను అన్నది కూడా ఇదే. మిషను ఆగింది కొంచెంసేపేనమ్మా, నాకే భయమెక్కువై శానాసేపు అనిపించినాది. పద్నాలుగు నెలలుగా ఆ మాటనే నమ్ముకుంది. మళ్ళీ పరీక్షకు కట్టకుండా ఉన్నదీ ఆ మాట వల్లే. గ్రేసీ ఇప్పుడు ఇంటికి పోయి, వాళ్ళ నాయనకు అదే చెబుతుంది.

పాకాలలో దిగినప్పుడు, ఆమె స్టేషన్ కుళాయి దగ్గర మొహం కడుక్కుంది. సంతోషంగా ఉండాల్సింది. అనుకున్నది జరిగింది. అయినా కుళాయి మళ్ళీ తిప్పి, ఇంకోసారి కడుక్కుంది.

మర్నాడు పరీక్షలు లేవు. దొరస్వామి బ్యాంకు పనిమీద పోయాడు. కోమలి కేంద్రంలోనే ఉన్న చిన్న సర్వరు ముందు కూర్చుంది. ఏ మిషను ఎన్నింటికి ఆగిందో, ఎన్నింటికి తిరిగి అందుకుందో, అది తనంతట తాను లాగ్‌లో రాసుకుంటుంది. ఎవరూ చూడరు కాబట్టి ఎవరూ చెరపరు.

గ్రేసీ పరీక్ష తేదీ తెరవలేదు. పోయినేడాది జూలై పంతొమ్మిది తెరిచింది.

ఆరో సీటు, తనది. ఆగింది, పదకొండూ నాలుగు. అందుకుంది, పదకొండూ ఇరవై. కోమలి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. పదహారు నిమిషాలు. ఆ రోజు రిపోర్టు వెతికి తీసింది. ఆరో సీటు, అంతరాయం లేదు. కింద దొరస్వామి పేరు.

ఏసీ వేయలేదు. గదిలో ఉక్కగా ఉంది. పద్దెనిమిది మార్కులు తక్కువయ్యాయి తనకు. పదహారు నిమిషాల్లో పద్దెనిమిది మార్కులు రావా? ఒక్క ల్యాబ్ ప్రశ్న పూర్తి చేసినా వచ్చేవి. అప్పుడు ఎదురు తిరిగి అడిగి ఉంటే, కాగితం మీద రాసిమ్మని ఉంటే. ఆమె రూల్సు పుస్తకం తీసి ఆ పేజీ వెతికింది. పరీక్ష రాసిన పదిహేను రోజుల్లోపల ఫిర్యాదు చేయాలి.

గ్రేసీకి ఇంకా పదకొండు రోజులున్నాయి.

ఆ పేజీలోనే వేలు పెట్టి పుస్తకం మూసింది. తను దొరస్వామి మీద కోపం తెచ్చుకోవాలి. తెలుసు. కానీ కళ్ళ ముందు దొరస్వామి రావడం లేదు, నిటారుగా లేచిన గ్రేసీ చెయ్యే వస్తోంది. దానికి పదకొండు రోజులున్నాయి, నాకు లేవు. లాగ్ మూసేస్తే ఎవరికీ తెలియదు. ఇద్దరికీ ఒకటే అవుతుంది.

లేచి, పొద్దున తిన్న టిఫిను డబ్బా కడిగింది. మూత రబ్బరు కూడా ఊడదీసి కడిగింది. వచ్చి కూర్చుంది. గ్రేసీ రాసిన తేదీ తెరిచింది. ఎనిమిది నిమిషాలు, పదకొండు నిమిషాలు.

కొత్త రిపోర్టు రాయడానికి గంట పట్టింది. "ముందు పంపిన రిపోర్టు తప్పు. నాలుగో సీటు రెండుసార్లు, మొత్తం పంతొమ్మిది నిమిషాలు ఆగింది. లాగ్ జత చేస్తున్నాను. ఆ మిషను పాడని నాకు ముందే తెలుసు. సీటు కేటాయించింది నేనే. రెండు నిమిషాలని మేనేజరు చెప్పగా రాసింది నేనే." మేనేజరు చెప్పగా అన్న మాట తీసేసింది, మళ్ళీ పెట్టింది. తన జూలై సంగతి రాయలేదు. పరీక్ష పెట్టేవాళ్ళకు పంపేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంది.

వారంలో జవాబు వచ్చింది. నాలుగో సీటు మూసేయాలి. కేంద్రానికి హెచ్చరిక. కోమలి మూడు నెలలు పరీక్ష గదిలో అడుగు పెట్టకూడదు. గ్రేసీ పాల్‌కు మళ్ళీ పరీక్ష.

దొరస్వామి ఆ కాగితం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నన్ను ఒక్క మాట అడిగుంటే బాగుండేది గదమ్మా."

"అడిగితే వద్దంటారు సార్."

"అంటా," అన్నాడాయన. కాగితం మడిచి పెన్నుల వెనక జేబులో పెట్టుకున్నాడు. "నీ జూలై పరీక్ష గూడా సూసినావా?"

"సూసినాను సార్."

ఆయన తన గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

నెలాఖరుకు రెండు రోజుల ముందు గ్రేసీ మళ్ళీ వచ్చింది. లోపల చూసుకోవడానికి చిత్తూరు కేంద్రం నుంచి రూపశ్రీ అనే అమ్మాయిని పంపారు. కోమలి ముందు గది బల్ల దగ్గరే. ఐడీలు చూడటం, లాకర్లు ఇవ్వడం, చివర్న ఫలితం ప్రింటయితే ముద్ర వేసి ఇవ్వడం, అంతవరకే ఆమె పని.

గ్రేసీ కమ్మలు తీస్తూ, "నీ వల్లే మే ఈ పరీక్ష," అంది.

కోమలి ఆ మాట మోయలేకపోయింది. "నా వల్ల కాదు. రెండు నిమిషాలని రాసిందే నేను. పాడయిన సీటని తెలిసి కూసోబెట్టింది నేను."

"సీటు సంగతి తెలీదు," అంది గ్రేసీ మెల్లగా. "రెండు నిమిషాలు తెలుసు. వాళ్ళ జవాబులో రిపోర్టు గూడా పెట్టినారు. కింద నీ పేరుండాది."

"మరి ఫోన్లో..."

"నువ్వు సెప్తావేమోనని సూసినా." రెండో కమ్మ తీసి లాకర్లో పెట్టింది. "సెప్పలా. ఆ సాయంత్రమే ఇంకో కంప్లైంటు పెట్టినా, నీ పేరు రాసి. తర్వాత నువ్వే అంతా రాసి పంపించినావని తెలిసినాది. నాది వెనక్కి తీసుకుందామనుకున్నా." తలెత్తి సూటిగా చూసింది. "తీసుకోలా. నాకు శానా కోపంగా ఉండె."

కోమలి తల వంచుకుని వేలిముద్ర మిషను ఆమె వైపు జరిపింది. గ్రేసీ వేలు పెట్టింది. క్లిప్పు తీయబోతుంటే కోమలి వద్దంది.

"దానికి రూలు లేదు. ఉండనీ."

గ్రేసీ ఆమె వంక చూసి, క్లిప్పు సర్దుకుని లోపలికి పోయింది. రెండో సీటు. అద్దం గోడకు ఇప్పుడు తెర వేసి ఉంది, కోమలి చూడకూడదని. రెండు గంటలు ఆమె లాకరు తాళాలకు కొత్త నంబర్లు అతికించింది. ఒక్కోసారి మిషను ఆగితే బాగుండుననుకుంది. అనుకున్నందుకు చెంప మీద కొట్టుకోవాలనిపించింది. ఆగకూడదనీ అనుకుంది. ఏదీ పూర్తిగా అనుకోలేకపోయింది.

పన్నెండూ అయిదుకు ప్రింటరు కదిలింది. కాగితం బోర్లా వచ్చి ట్రేలో పడింది. కోమలి తిప్పి చూసింది. ఏడు వందల ముప్ఫై ఎనిమిది.

ఆ అంకె ఇంకా గ్రేసీకి తెలియదు. వాళ్ళ నాయనకు తెలియదు. లోకంలో తనొక్కదానికే తెలుసు. కోమలి కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ముద్ర కోసం డ్రాయరు తెరవలేదు.

తలుపు తెరుచుకుంది. గ్రేసీ బయటికొచ్చి, ఆమె చేతిలో కాగితం చూసింది, తర్వాత మొహం చూసింది. అక్కడే ఆగిపోయింది. లాకరు తలుపు పట్టుకుని నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది.

"పోయినాదా," అంది. "నీ మొగం సూస్తానే తెలిసిపోయినాది. సరేలే. ఈసారి మిషను బాగానే ఉండె. నాదే తప్పు."

తన మొహం మీద ఏముందో కోమలికి అద్దం లేకుండానే కనిపించింది. గ్రేసీ అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది.

"లేదు," అంది కోమలి. "లేదు మే. పాసైనావు. ఏడు వందల ముప్ఫై ఎనిమిది."

గ్రేసీ అర్థం కానట్టు చూసింది. "మరి నీ మొగమేంది అట్లుండాది?"

"నాకు బాగలేదు, అంతే. నీకొచ్చినాది, నాకు రాలేదు. అందుకు."

లోపల్నుంచి రూపశ్రీ కుర్చీలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. గ్రేసీ చాలాసేపు ఆమెనే చూసింది. కోపం వస్తుందనుకుంది కోమలి. రాలేదు. గ్రేసీ చున్నీ కొసతో ముక్కు తుడుచుకుని, బల్ల ఇవతలి పక్క ఖాళీ కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుంది.

"నేనైనా అట్లే ఉందును," అంది. "హాస్టల్లో నీకు ఫస్టు వచ్చినప్పుడల్లా నేను రెండు రోజులు నీతో సరిగా మాట్లాడేదాన్ని కాదు. నువ్వు సూసుకోలా."

కోమలి నిజంగానే చూసుకోలేదు. డ్రాయరు తెరిచి ముద్ర తీసింది. సిరా దిండు మీద అద్ది, కాగితం కింది మూల మీద ఆనించి, రెండో చెయ్యి కూడా వేసి గట్టిగా నొక్కింది. తడి ఆరేదాకా ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.